గ్రహణం విడిచాక ఒక మాట

రా నాయనా, ఇలా వచ్చి కూర్చో. గడప మీద వద్దు, అరుగు మీద కూర్చో. గడప మీద ఎందుకు కూర్చోకూడదని అడగబోతున్నావు, నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. వచ్చేపోయే వాళ్ళకు అడ్డం కాబట్టి. మా అమ్మ చెప్పింది కాబట్టి కూడా. రెండూ నిజమే. నీతో చెప్పాలనుకున్న మాట కూడా ఇలాంటిదే, అందుకే పిలిచాను.

2025 సెప్టెంబరు 7, ఆదివారం. భాద్రపద పున్నమి, చంద్రగ్రహణం. రాత్రి 9 గంటల 57 నిమిషాలకు పట్టింది, 1 గంట 27 నిమిషాలకు విడిచింది. ఆకాశంలో చంద్రుణ్ణి పట్టింది విడిచింది కానీ, మా ఇంట్లో పట్టుకున్న పంతం తెల్లారినా విడవలేదు. మా చిన్న కోడలికి అప్పుడు అయిదో నెల. వాళ్ళ అమ్మ ఫోన్ చేసి మధ్యాహ్నం నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు, కదలకుండా పడుకో అంది. మా పెద్దమనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, నీ ఈడు వాడే. అది విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఇంత చదువుకుని ఇదేం మూఢనమ్మకం పిన్నీ" అని కేకలు. వాళ్ళమ్మ వాణ్ణి కసిరింది. వాడు తలుపు ధడాలున వేసి మేడ మీదకు పోయాడు. ఇంతలో నేను లోపలికి వెళ్ళి చూద్దును కదా, ఆ పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె కోసమే ఇద్దరూ అరుచుకున్నారు, ఆమెకు గ్లాసెడు మంచినీళ్ళు ఇద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. నేను చెంబుతో నీళ్ళు, రెండు ఇడ్లీలు తీసుకెళ్ళాను. చెంబెడూ గటగటా తాగేసింది.

వాడి మాట తప్పని నేను అనను నాయనా. వాడి మాటే రైటు. కానీ మాట రైటయినంత మాత్రాన పని రైటయిపోదు. నువ్వు కూడా ఇలాంటి వాడివేనని నాకు తెలుసు. మనసు మంచిది, తొందర ఎక్కువ.

నా కథ ఒకటి చెబుతాను, విను. 1980 ఫిబ్రవరి 16. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలో ఉంది. అక్కడ 48 అంగుళాల పెద్ద దూరదర్శిని ఉండేది. శాస్త్రజ్ఞులు ఎక్కడెక్కడి నుంచో పెట్టెలు మోసుకుని వచ్చారు. మా అత్తగారి ఊరు ఆ పక్కనే. నాకు ఏడో నెల. మా అత్తమ్మ పొద్దుటే నన్ను వెనక గదిలో పెట్టి, కిటికీకి గోనెపట్టా కట్టి, తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. "కదలకు బిడ్డా, గోరు కూడా గిల్లుకోకు" అంది. ప్రేమతోనే అంది. ఆమె కళ్ళలో భయం నాకు ఇప్పటికీ గుర్తే. నేను ఆ ఇంటికి రాకముందే ఆమె ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది.

చీకటి గది. దాహం. నడుము నొప్పి. పైన పెంకుల్లో ఎక్కడో చిన్న చిల్లు ఉంది. దాంట్లోంచి ఒక వెలుగు ముక్క నేల మీద పడుతోంది, కోడిగుడ్డంత. వేరే పని లేదు కాబట్టి దాన్నే చూస్తూ పడుకున్నాను. కాసేపటికి ఆ గుడ్డుకు ఒక పక్క ఎవరో కొరికినట్టయింది. తర్వాత సగమయింది. తర్వాత కొడవలి. సన్నని, వంపు తిరిగిన కొడవలి నా మంచం పక్కన నేల మీద! అప్పుడు తెలిసింది, నేను చూస్తున్నది సూర్యుణ్ణేనని. గ్రహణం నా కంట పడకూడదని మూసిన గదిలోకే గ్రహణం బొమ్మ నడిచి వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటాక ఆ కొడవలి కూడా మాయమయింది. బయట కోళ్ళు గంప కిందికి పోయాయట. కాకులు చెట్లకెక్కాయట. రెండు నిమిషాల పాటు ఊళ్ళో చప్పుడు లేదు. మళ్ళీ నేల మీద ఒక వెలుగు గీత. నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, ఎందుకో చెప్పలేను. చేతులు రెండూ వాటంతట అవే జోడించుకున్నాయి.

చిల్లు చిన్నదయితే అవతలి వస్తువు బొమ్మ ఇవతల పడుతుందని తర్వాత ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకు చెప్పాను. ఆ సంగతి తెలిశాక ఆ రోజు నేను చేతులు జోడించింది తప్పనిపించిందా అంటే, లేదు. చిల్లు సంగతి తెలియడం వల్ల నా దణ్ణం ఏమీ తగ్గలేదు. దణ్ణం పెట్టడం వల్ల చిల్లు సంగతి అబద్ధమూ కాలేదు. ఇది నీకు ఒకసారి చెబితే ఎక్కదు, అందుకే మళ్ళీ మళ్ళీ అంటాను. తెలుసుకోవడం వేరు, దణ్ణం పెట్టుకోవడం వేరు. రెండూ ఒక మనిషిలో ఉండొచ్చు, పోట్లాడుకోకుండా ఉండొచ్చు. పోట్లాట ఎక్కడ మొదలవుతుందంటే, ఒకరి నమ్మకానికి ఇంకొకరి ఒళ్ళు వెల కట్టాల్సి వచ్చిన చోట.

మా పెద్దాడు ఏప్రిల్‌లో నిక్షేపంగా పుట్టాడు. మా అత్తమ్మ "చూశావా, గదిలో ఉంచబట్టే" అంది. నేను వెలుగు ముక్క సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఎందుకంటే తర్వాత చాలా ఏళ్ళకు నేను పాఠం చెప్పిన పిల్ల ఒకతె, బిడ్డను పొత్తిళ్ళలో పెట్టుకుని మా అరుగు మీదకే వచ్చింది. నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. పసిదానికి పై పెదవి చీలి ఉంది. మన భాషలో దాన్ని ఏమంటారో తెలుసు కదా? గ్రహణం మొర్రి. పేరులోనే తీర్పు చెప్పేసింది మన లోకం. కడుపుతో ఉండగా గ్రహణం పూట కూరగాయలు తరిగిందని అత్తగారు, తీగెకు బట్టలారేసిందని ఆడపడుచు, తలా ఒక మాట. మొగుడు పెదవి విప్పలేదు. ఆ పిల్ల నన్ను ఒక్కటే అడిగింది, "టీచరమ్మా, నిజంగా నా వల్లేనా?" అని.

నాయనా, ఆ ప్రశ్న వినడానికి గుండె నిబ్బరం కావాలి.

మర్నాడు దాన్నీ వాళ్ళ అత్తగారినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఓపికస్తురాలు. ఆ పెద్దావిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టి చూపించింది. కడుపులో బిడ్డకు పెదవి కలిసేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపలే. చాలామందికి కడుపు నిలిచిందన్న సంగతి సరిగ్గా తెలిసే వేళకే ఆ పని అయిపోతుంది. ఈ పిల్ల గ్రహణం నాటికి అయిదో నెల. అప్పటికి పెదవి ఎప్పుడో తయారయిపోయింది. కత్తి పట్టినా పట్టకపోయినా మారేదేమీ లేదు. ప్రపంచమంతా చూస్తే దాదాపు 700 మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడతారట, గ్రహణం పట్టింపు లేని దేశాల్లో కూడా. కొంత వంశం నుంచి వస్తుంది. కొన్నిసార్లు తల్లి వాడే కొన్ని మందులు, పొగ, అదుపులో లేని షుగర్ తోడవుతాయి. చాలాసార్లు ఫలానా కారణమని ఎవరూ చెప్పలేరు. ఆ చివరి మాట డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు గౌరవం కలిగింది. తెలియని దాన్ని తెలియదనడం సైన్సులో ఉన్న గొప్ప మర్యాద. దేవుడి ముందు తల వంచడంలో ఉన్న మర్యాద కూడా అలాంటిదేనని నాకనిపిస్తుంది.

పెదవికి మొదటి ఏడాదిలోపే ఆపరేషన్ చేస్తారు. అంగిలి కూడా చీలితే ఏడాదిన్నర లోపు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు చూసే లోపాల్లో ఇది కూడా ఉంది, డబ్బు లేదని ఆగిపోవాల్సిన పని లేదు. ఆ పసిదానికి ఆపరేషన్ అయింది. అదే అత్తగారు యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుని, మనవరాలికి పుట్టువెంట్రుకలు అక్కడ తీయించింది. కత్తెర పట్టిన డాక్టరుకూ దణ్ణం పెట్టింది, కొండ మీద స్వామికీ దణ్ణం పెట్టింది. ఇది తప్పని నువ్వంటావా? నేనయితే అనను. ఆవిడ భక్తి ముందూ ఉంది, తర్వాతా ఉంది. మధ్యలో పోయింది ఒక్కటే, కోడలి మీద మోపిన నింద. పోవాల్సింది అదే.

సైన్సు మనది, పూజ మనది కాదనుకునే వాళ్ళున్నారు, పూజ మనది, సైన్సు పరాయిదనుకునే వాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ తొందరే. గ్రహణం అంటే నీడ అని ఆర్యభటుడు 499లోనే రాశాడు. చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడు, భూమి నీడ చంద్రుణ్ణి కప్పుతుంది అని. అంటే పదిహేను వందల ఏళ్ళ కిందటి మాట. మన పంచాంగంలో పట్టు ఇన్ని గంటలకు, విడుపు ఇన్ని గంటలకు అని వేస్తారే, ఆ లెక్క ఆ నీడ లెక్కే. పూజారి గుడి తలుపు మూసేది ఆ లెక్క చూసుకునే. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు కదా! తిరుమలలో గ్రహణం పూట తలుపులు మూస్తారు. అక్కడికి దగ్గర్లోనే శ్రీకాళహస్తిలో అదే గ్రహణం పూట గుడి తెరిచే ఉంచి అభిషేకాలు చేస్తారు. రెండు చోట్లా భక్తులే. ఆచారం అంటే ఒక్కటే శాసనం కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి.

చింతామణి రఘునాథాచారి అని ఒకాయన ఉండేవాడు, ఆయన గురించి నువ్వు చదివి ఉండవు, చదవాలి. పంచాంగాలు గణించే ఇంట్లో పుట్టాడు. మద్రాసు వేధశాలలో ఉద్యోగం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా పోయినప్పుడు, ఆయన వనపర్తికి వెళ్ళి నిలబడి చూశాడు. అదే రోజు గుంటూరులో జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల పెద్ద పాగ్సన్ గాజు పట్టకాల గుండా సూర్యుడి అంచు వెలుగును విడదీసి చూశారు. అందులో కనబడిన ఒక పసుపుపచ్చ గీతే హీలియం అనే వాయువుకు తొలి ఆనవాలు. ఇరవై ఏడేళ్ళ తర్వాత, 1895లో గానీ అది భూమి మీద చేతికి దొరకలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రాన్ని చల్లగా ఉంచేది ఆ హీలియమే. గుంటూరు జనం ఇళ్ళల్లో తలుపులు వేసుకుని ఉంటారు, ఆ గంటలోనే ఇంత సంగతి బయటపడింది.

ఆచారిగారు ఏం చేశాడో చూడు. పంచాంగం తప్పని దాన్ని చింపెయ్యలేదు. తాను ఆకాశంలో కళ్ళారా చూసిన దానికి సరిపోయేలా, దృగ్గణితంతో పంచాంగాన్ని సరిదిద్దాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతుంటే, ముందే దేశభాషల్లో చిన్న పుస్తకం వేసి, అదేమిటో విడమరిచి చెప్పాడు. పట్టింపున్న తనవాళ్ళ మధ్యే ఉండి, వాళ్ళ మాటలోనే చెప్పాడు. వెలుగు మారే తారను ఒకదాన్ని కనిపెట్టినవాడు, 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయినవాడు, ఆయన కేకలెయ్యలేదు నాయనా. కూర్చుని చెప్పాడు. ముందే చెప్పాడు. నీకూ మా మనవడికీ చెప్పాలనుకున్నది ఇదే. గ్రహణం నడుస్తుండగా కాదు, ముందే చెప్పు.

ఇంకొక సంగతి, ఇది రెండో రకం తొందర. పెద్దవాళ్ళ ఆచారాలకు సైన్సు చొక్కా తొడిగి ఫోన్లలో పంపుతుంటారు మీలో కొందరు. గ్రహణం పూట విషకిరణాలు వస్తాయని, అందుకే మన పూర్వులు వంట వద్దన్నారని. చంద్రుడి మీద మన నీడ పడితే కొత్త కిరణాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న వెలుగు తగ్గుతుంది, అంతే. పచ్చడి జాడీ మీద దర్భ వేస్తావా, వెయ్యి. "మా నానమ్మ వేసేది, నాకు ఆమె గుర్తొస్తుంది" అని చెప్పి వెయ్యి. అది నిజం, ఆ నిజం చాలు. దానికి దొంగ సైన్సు అండ దేనికి? అబద్ధపు ఊతకర్ర మీద నిలబెట్టిన నమ్మకం ఆ కర్ర విరిగిన రోజు పడిపోతుంది. అప్పుడు నీ పిల్లలు కర్రనే కాదు, నానమ్మను కూడా నమ్మరు.

రోకలి సంగతి గుర్తుందా? 2020 జూన్ 21, లాక్‌డౌన్ రోజులు, సూర్యగ్రహణం. ఇంటింటా ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి ఫొటోలు తీశారు. గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుందని. మా పెద్ద కోడలు కూడా నిలబెట్టింది, పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను అప్పుడు నోరు మెదపలేదు. మూడు రోజులాగి, వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, అదే రోకలి అదే పళ్ళెంలో పెట్టమన్నాను. కింద ఇనప పొన్ను ఉంది, అడుగు చదునుగా ఉంది, బరువు నిట్టనిలువుగా దిగుతుంది. రెండుసార్లు ఒరిగింది, మూడోసారి నిలబడింది. కోడలు నా వంక చూసి నవ్వింది. అదే పని నలుగురి ముందు చేసి ఉంటే ఆమె ముఖం చిన్నబోయేది. చిన్నబోయిన ముఖంతో ఎవరూ ఏదీ నేర్చుకోరు. బడిలో ముప్ఫై ఏళ్ళు నేను చూసింది ఇదే.

ఆ గ్రహణం రోజే మనవరాలికి బూరెల జల్లెడ ఇచ్చి ఎండలో పట్టుకోమన్నాను. నేల మీద జల్లెడ నీడలో ఎన్ని చిల్లులున్నాయో అన్ని సూర్యుళ్ళు, అన్నీ కొరికిన బిళ్ళల్లా. వేపచెట్టు కింద కూడా అంతే, ఆకుల సందుల్లోంచి నేలంతా అవే బిళ్ళలు. మా కోడలు పూజగదిలోంచి లేచి వచ్చి చూసింది. జల్లెడ తాను పట్టుకుంది.

సూర్యుణ్ణి మాత్రం సూటిగా చూడకు. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్ళద్దాలు పనికిరావు. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి అందులో చూడడం కూడా క్షేమం కాదు. కంటి వెనక పొర కాలినా నొప్పి తెలియదు, మసక వచ్చాకే తెలుస్తుంది. ఇక్కడ అమ్మ మాటా డాక్టరు మాటా ఒక్కటే, విను. చంద్రగ్రహణమయితే ఎంతసేపయినా చూడు. 2025 సెప్టెంబరులో 82 నిమిషాలు చంద్రుడు ఇటుకరంగులో నిలబడ్డాడు. మా మనవడు మేడ మీద ఒంటరిగా అలిగి చూశాడు. కింద ఉన్నవాళ్ళం చూడలేదు. ఆ రాత్రి వాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి ఉంటే ఆమె వెళ్ళేది. వాళ్ళ అమ్మ కదా, నాకు తెలుసు.

మీ ఇంట్లో తాతకో నానమ్మకో షుగర్ ఉందా? ఇన్సులిన్ వేసుకుని గ్రహణం పేరు చెప్పి తిండి మానేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. వాళ్ళతో సైన్సు పుస్తకం తీసి వాదించకు. పంచాంగమే తీసి చూపించు. పిల్లలకు, ముసలివాళ్ళకు, రోగులకు, గర్భిణులకు నియమాల్లో సడలింపు చాలా పంచాంగాల్లోనే రాసి ఉంటుంది. పెద్దల మాటలోనే దయ ఉందని వాళ్ళకు గుర్తుచెయ్యి. పట్టుస్నానం, విడుపుస్నానం చేస్తారా, చెయ్యనీ. ఒళ్ళు చల్లబడుతుంది, మనసు కుదుటపడుతుంది. జపం చేసుకుంటారా, పక్కన కాసేపు కూర్చో. వాళ్ళు వాళ్ళ ఒంటితో, వాళ్ళ ఇష్టంతో చేసుకునే దాన్ని వదిలెయ్యి. ఇంకొకరి గొంతు ఎండబెట్టే దాన్ని, ఇంకొకరి మీద నింద వేసే దాన్ని మాత్రం వదలకు. అక్కడ గట్టిగా నిలబడు. గట్టిగా అంటే గట్టి గొంతుతో అని కాదు.

మా చిన్న కోడలికి నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. గ్రహణం రాత్రి తాగిన చెంబెడు నీళ్ళ సంగతి వాళ్ళ అమ్మకు తానే చెప్పింది. ఆవిడ కాసేపు ఊరుకుని, "నీళ్ళిచ్చిందెవరు?" అని అడిగిందట. "మా అత్తమ్మ" అని కోడలు చెప్తే, "పోనీలే, పెద్దావిడ" అందట.

మళ్ళీ గ్రహణం వస్తుంది నాయనా, పంచాంగంలో వేసి ఉంటుంది చూసుకో. వారం ముందే అమ్మ పక్కన కూర్చుని మాట్లాడు. ఆ రోజు ఇంట్లో గర్భిణి ఉంటే, మాటలన్నీ తర్వాత. ముందు నువ్వే లేచి, ఆ గదిలోకి మంచినీళ్ళు తీసుకెళ్ళు.